గొర్రెలు కట్టిన రాతి ఊరు



రోమ్ నగరం నుంచి తూర్పు వైపు బయల్దేరి గంటన్నర ప్రయాణం చేస్తే లాక్విలా అనే పట్నం వస్తుంది. అక్కడి నుంచి ఇంకో ముప్ఫై కిలోమీటర్ల దాకా కొండదారే. దారి ఎక్కేకొద్దీ చెట్లు పలచబడతాయి. ద్రాక్షతోటలు, ఆలివ్ తోటలు కిందనే ఉండిపోతాయి. పైన గడ్డి, రాయి, గాలి, ఆ వెనకాల గ్రాన్ సాస్సో అనే పెద్ద పర్వతం. ఆ పర్వతానికి దక్షిణపు వాలులో, సముద్రమట్టానికి 1,250 మీటర్ల ఎత్తున ఒక గుట్ట ఉంది. ఆ గుట్ట మీద గుట్ట రంగులోనే ఒక ఊరు. దూరం నుంచి చూస్తే ఎక్కడ రాయి ఆగిందో, ఎక్కడ గోడ మొదలైందో చెప్పలేం. ఆ ఊరి పేరు సాంతో స్తెఫానో ది సెస్సానియో. మధ్య ఇటలీలోని అబ్రుజో సీమలో ఉంది. ఈ పూట మిమ్మల్ని ఆ ఊళ్ళో కాలినడకన తిప్పుదామని నా కోరిక.

కాలినడకనే తిరగాలి, ఇంకో మార్గం లేదు. ఊరి వెలుపల ఒక చిన్న చెరువు, ఆ చెరువు పేరుతోనే వెలసిన మరియమ్మ గుడి ఉన్నాయి. కార్లు ఊరి బయటే ఆగిపోతాయి. అక్కడి నుంచి పైకి నడవాలి. లోపలి వీధుల్లో ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు గోడకు ఒదగాలి. ఒక వీధి మెట్లుగా మారుతుంది, ఆ మెట్లు ఒక కమాను కిందికి దూరతాయి, కమాను దాటాక మళ్ళీ వీధి. గాడిదకు, గొర్రెకు, మనిషికి సరిపోయే కొలతతో వేసిన దారులివి.

ఊరి ద్వారం దగ్గర కాసేపు ఆగుదాం. పెద్దదేమీ కాదు, సున్నపురాతి కమాను. కానీ దాని నెత్తిన ఒక రాజచిహ్నం చెక్కి ఉంది. డాలు, ఆ డాలు మీద గుండ్రటి బంతులు. ఫ్లోరెన్సు నగరం చూసినవాళ్ళు ఆ బంతులను ఇట్టే గుర్తుపడతారు. అది మెదిచి వంశం వారి గుర్తు. వడ్డీ వ్యాపారంతో మొదలై, నగరాన్నే ఏలి, మైకెలాంజెలో వంటి శిల్పులను పోషించిన వంశం. అటువంటి వారి గుర్తు, ఫ్లోరెన్సుకు ఇంత దూరాన, నేపుల్స్ రాజ్యంలోని కొండపల్లె గుమ్మం మీదికి ఎందుకొచ్చింది?

ఉన్ని కోసం వచ్చింది. 1579లో కోస్తాంజా పిక్కొలొమిని అనే దొరసాని ఈ ఊరున్న జమీందారీని టస్కనీ ప్రభువు ఫ్రాంచెస్కో మెదిచికి అమ్మింది. మెదిచిలకు ఇక్కడ కావలసింది కోట కాదు, పొలం కాదు. ఈ కొండల మీద మేసే గొర్రెల ఉన్ని. అది సన్నటి మెత్తటి ఉన్ని కూడా కాదు. కార్ఫాన్యా అని పిలిచే నల్లటి ముతక ఉన్ని. మన కురుమలు నేసే గొంగడిని ఒకసారి చేత్తో తడిమినవాళ్ళకు ఆ ఉన్ని ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. వానకు తడవదు, చలికి లొంగదు, ఏళ్ళ తరబడి చిరగదు. ఫ్లోరెన్సులో దాన్ని బట్టగా మార్చి ఐరోపా అంతటా అమ్మేవారు. సైనికుల దుస్తులకూ, మఠాల్లోని సన్యాసుల అంగీలకూ ఆ బట్ట వాడేవారు. యుద్ధానికి పోయేవాడికీ, లోకం విడిచినవాడికీ ఒకటే ఉన్ని. ఆ వ్యాపారం కోసమే మెదిచిలు 1743 వరకూ ఈ ఊరిని తమ చేతిలో ఉంచుకున్నారు.

ఇప్పుడు లోపలికి నడుద్దాం. ఇళ్ళ కిటికీలను చూడండి. కొన్నిటికి నడుమ సన్నటి రాతి స్తంభం, రెండు చిన్న కమానులు, చుట్టూ చెక్కడపు పని. కొండపల్లెలో గొర్రెలు కాచే ఊరికి ఇంత సొగసైన కిటికీ అవసరమా అనిపిస్తుంది. ఉన్ని డబ్బు ఉన్న రోజుల్లో పని తెలిసిన మేస్త్రీలను పిలిపించి కట్టించుకున్న ఇళ్ళవి. ఆ పక్కనే, రాయి మీద రాయి పేర్చి సున్నంతో అతికించిన సాదా ఇళ్ళు. రెండు రకాలకూ రాయి ఒకటే. ఈ కొండలోనే తవ్విన తెల్లటి సున్నపురాయి, గాలికీ మంచుకూ బూడిదరంగుకు తిరిగింది. పైకప్పు మాత్రం కాల్చిన మట్టి పెంకులు.

ఈ ఇళ్ళలో నాకు ఎక్కువ నచ్చింది అవి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడిన తీరు. విడిగా ఉన్న ఇల్లంటూ దాదాపు లేదు. ఊరి అంచున ఉన్న ఇళ్ళ వెనక గోడలన్నీ కలిసి ఊరికి ప్రాకారమయ్యాయి. అటువైపు కిటికీలు తక్కువ, ఉన్నవి కూడా చిన్నవి, ఎత్తులో ఉన్నవి. వేరే కోటగోడ కట్టే ఖర్చు లేకుండా ఊరే కోట అయింది. లోపల వీధికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళను పైన కమానులతో కలిపారు. కొన్ని చోట్ల ఆ కమాను మీదే ఇంకో గది కట్టేశారు. అందుకని మనం నడుస్తున్న వీధి ఉన్నట్టుండి సొరంగమవుతుంది, చీకటి కమ్ముతుంది, పది అడుగులు వేశాక మళ్ళీ ఆకాశం కనబడుతుంది. ఇలా ఎందుకు కట్టారో తెలియాలంటే చలికాలంలో చూడాలి. ఇక్కడ మంచు దండిగా కురుస్తుంది. వీధికి పైకప్పు ఉంటే మంచు తవ్వకుండానే పొరుగింటికి పోవచ్చు. పైగా, భూకంపాలు వచ్చే నేల ఇది. ఎదురెదురు గోడలకు మధ్య కమాను ఉంటే, ఒక గోడ ఒరగబోయినప్పుడు రెండోది దన్నుగా నిలుస్తుంది. ఈ సంగతి ఆ మేస్త్రీలు అనుభవం మీద తెలుసుకున్నారు.

ఇంటి లోపలి ఏర్పాటు కూడా ఇలాంటి పొదుపులోంచే వచ్చింది. కింది అంతస్తులో పశువులు. పై అంతస్తులో మనుషులు. కింద గాడిద, మేక, పంది ఉంటే వాటి ఒంటి వేడి పైకి వస్తుంది. పైన ఒకే పెద్ద గది, అందులో ఒక పొయ్యి. వంట అక్కడే, చలి కాచుకునేది అక్కడే, పక్కలు పరుచుకునేది దాని చుట్టూనే. తరతరాల పొగ పట్టి గోడ నల్లగా, నున్నగా మెరుస్తుంటుంది.

ఇంతవరకూ నేను గొర్రెల గురించి చెప్పాను కానీ, ఆ గొర్రెలు ఏడాదిలో ఎక్కువ భాగం ఈ ఊళ్ళో ఉండేవి కావు. ఈ సంగతి తెలిశాకే నాకు ఊరు సరిగా కనబడింది.

ఊరికి పైన కాంపో ఇంపెరతోరె అనే విశాలమైన పచ్చిక మైదానం ఉంది. దాదాపు ఇరవై ఏడు కిలోమీటర్ల పొడవు. వేసవిలో అక్కడ గడ్డికి కొదవ లేదు. కానీ చలికాలంలో అదంతా మంచు కిందికి పోతుంది. అందుకని సెప్టెంబరు చివర్లో కాపరులు మందలను తోలుకుని దక్షిణానికి, పూలియా సీమలోని ఫోజ్జా మైదానాలకు నడిచేవారు. లాక్విలా నుంచి ఫోజ్జాకు 244 కిలోమీటర్లు. ఆ బాట వెడల్పు ఎంతో తెలుసా? 111 మీటర్లు. బాట అనడం కంటే, పొడుగ్గా పరిచిన పచ్చిక బీడు అనడం సరిగ్గా ఉంటుంది. మంద నడుస్తూనే మేయాలి కదా. 1447లో నేపుల్స్ రాజు అల్ఫోన్సో ఈ రాకపోకలను చట్టంలో బిగించాడు. ఫోజ్జా మైదానాల్లో మేపు హక్కు ఇచ్చాడు, దానికి పన్ను వేశాడు, బాటలను ఎవరూ దున్నకూడదని కట్టడి చేశాడు. లక్షల గొర్రెలు ఆ బాటల వెంట ఏటా దిగేవి, మే నెలలో ఏటా ఎక్కేవి. మందకు కాపలాగా తెల్లటి పెద్ద కుక్కలు, తోడేలు గొంతు పట్టకుండా వాటి మెడకు ఇనుప ములుకుల పట్టీలు. ఆ జాతి కుక్కలు ఇప్పటికీ ఈ కొండల్లో మందల వెంట తిరుగుతాయి. తోడేళ్ళూ ఉన్నాయి, ఇది జాతీయ వనం పరిధిలోని నేల.

మగవాళ్ళు అక్టోబరు నుంచి మే దాకా ఊళ్ళో ఉండేవారు కారు. అంటే సుమారు ఎనిమిది నెలలు. మరి ఆ ఎనిమిది నెలలూ ఈ రాతి ఇళ్ళలో ఎవరున్నారు? ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. మంచు ఎత్తిపోసింది, పొయ్యి ఆరకుండా చూసింది, కట్టెలు మోసింది, బిడ్డను కన్నది, పోయినవారిని సాగనంపింది వాళ్ళే. ఉన్ని ఏకి, వడికి, రంగు వేసి, మగ్గం మీద దుప్పట్లు నేసిందీ వాళ్ళే. మెదిచిల గుర్తు ద్వారం మీద ఉంది. కాపరుల కథలు పుస్తకాలకు ఎక్కాయి. చలికాలమంతా ఈ ఊరిని ఊరుగా నిలబెట్టిన ఆడవాళ్ళ గుర్తు ఎక్కడా చెక్కలేదు. అరిగిన గడపరాళ్ళు, మసిబారిన గోడలు, అవే వాళ్ళ శాసనాలని నా నమ్మకం.

నేను వెళ్ళింది సెప్టెంబరులో. ఒక వంపులో, ఎండ పడిన మెట్టు మీద ఒక పెద్దావిడ కూర్చుని పళ్ళెంలో గింజలు ఏరుతోంది. నా వెంట వచ్చిన మిత్రుడికి ఇటాలియన్ వచ్చు. నమస్కారం చెప్పి పలకరించాం. "కూర్చోండి నాయనా, నీడలో చలి, ఎండలోకి రండి" అంది. మీ చిన్నప్పుడు ఊరు ఎలా ఉండేదమ్మా అని అడిగాం. "చప్పుడుగా ఉండేది" అంది. పిల్లల చప్పుడు, గంటల చప్పుడు, గాడిద గిట్టల చప్పుడు. "ఇప్పుడు పైవీధిలో ఎవరైనా తలుపు వేస్తే ఇక్కడికి వినబడుతుంది" అంది. ఆ మాట ఆవిడ బాధగా అనలేదు. వాన పడుతోందని చెప్పినట్టు చెప్పింది. చెబుతూనే గింజల్లోంచి రాళ్ళు ఏరుతోంది.

ఆ గింజల గురించి చెప్పాలి. అవి పొట్టు తీయని మసూర్ గింజలు. మనకు తెలిసిన వాటికంటే బాగా చిన్నవి, ముదురు గోధుమరంగు. వెయ్యి మీటర్లు దాటిన ఎత్తులో, రాళ్ళు నిండిన చిన్న చిన్న చెలకల్లో పండుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో విత్తి, జులై చివరా ఆగస్టులోనూ కోస్తారు. 998వ సంవత్సరం నాటి మఠం పత్రాల్లోనే ఈ ప్రాంతంలో ఈ పంట ప్రస్తావన ఉందంటే, ఇది ఎంత పాత సేద్యమో చూడండి. ఉన్ని పోయింది, మెదిచిలు పోయారు, ఈ గింజ మాత్రం మిగిలింది. పొట్టు పలచన కాబట్టి నానబెట్టే పని లేదు. నీళ్ళు, వెల్లుల్లి, బిర్యానీ ఆకు లాంటి ఆకు ఒకటి, ఉప్పు వేసి ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి, వేయించిన రొట్టె ముక్కల మీద వడ్డిస్తారు. మసాలా లేదు, కారం లేదు. అయినా రెండో గిన్నె అడిగి పెట్టించుకున్నాను. ఆ గింజకే ఒక మట్టి వాసన, ఒక గట్టి రుచి ఉన్నాయి. మన వంటలకు అలవాటుపడిన నాలుక కూడా వాటిని ఒప్పుకుంటుంది.

పెద్దావిడ దగ్గర సెలవు తీసుకుని పైకి నడిస్తే ఊరి నడినెత్తికి చేరతాం. అక్కడొక గుండ్రటి బురుజు ఉంది. మెదిచి బురుజు అంటారు కానీ, మెదిచిలు రాకముందే, పద్నాలుగో శతాబ్దంలో కట్టింది. నాలుగు దిక్కుల కొండలూ కనబడే కాపలా చోటు. ఊరి ఫొటో ఏది చూసినా నడుమ ఆ బురుజే.

2009 ఏప్రిల్ 6. తెల్లవారుజామున 3 గంటల 32 నిమిషాలు. లాక్విలా ప్రాంతంలో భూమి కంపించింది. తీవ్రత 6.3. మొత్తం 309 మంది చనిపోయారు. లాక్విలా పట్నం నడిబొడ్డు శిథిలమైంది. ఆ రాత్రే ఈ బురుజు కూలిపోయింది. తెల్లారేసరికి ఊరి నడినెత్తిన రాళ్ళ కుప్ప మిగిలింది.

ఆరు వందల ఏళ్ళలో ఈ నేల ఎన్నోసార్లు కంపించింది. 1703 నాటి భూకంపం ఈ చుట్టుపక్కల ఊళ్ళను నేలమట్టం చేసింది. అన్నిటినీ చూసిన బురుజు 2009లో ఎందుకు పడింది? గత శతాబ్దంలో ఆ బురుజు పైన, పాత చెక్క అంతస్తు స్థానంలో కాంక్రీటు పలక వేశారు. చెక్క తేలిక, వంగుతుంది. కాంక్రీటు బరువు, బిగుసుకుని ఉంటుంది. కింద సున్నంతో అతికిన రాతి గోడ ఒక తీరున ఊగితే, పైన కాంక్రీటు పలక ఇంకో తీరున కొట్టుకుంటుంది. ఆ బరువు కూలడానికి తోడ్పడిందని నిపుణుల్లో చాలామంది మాట. పాత కట్టడానికి బలం చేకూరుద్దామనే మంచి ఉద్దేశంతోనే వేసి ఉంటారు. కానీ రాతి గోడ మాట వినకుండా దానికి చేసే మేలు మేలు కాదు. ఇప్పుడు బురుజును మళ్ళీ కట్టారు. ఏళ్ళు పట్టింది. నేను దాని పక్కన నిలబడి పైకి చూసినప్పుడు, ఈ సారి కాస్త ఓపికగా, రాతి స్వభావం తెలిసి కట్టినందుకు సంతోషం కలిగింది.

భూకంపం ఒక రాత్రి పని. ఊరు ఖాళీ కావడం మాత్రం నూరేళ్ళకు పైబడి జరిగింది. ముందు 1806లో నేపుల్స్‌ను ఏలుతున్న ఫ్రెంచివాళ్ళు ఫోజ్జా పన్నుల వ్యవస్థను రద్దు చేశారు. ఇటలీ ఒక్క దేశమయ్యాక 1865లో వచ్చిన చట్టంతో ఫోజ్జా మేత మైదానాలు దున్నుకోవడానికి వీలు దొరికింది. గడ్డి ఉన్నచోట గోధుమ వచ్చింది. చలికాలపు మేత తగ్గితే మందలు తగ్గుతాయి. మందలు తగ్గితే కాపరికి పని ఉండదు. ఒకప్పుడు వెయ్యికి పైగా జనం ఉన్న ఊరు ఇది. ఆ జనం మొదట అమెరికాకు ఓడలెక్కారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ సీమ నుంచి వలస ఇంకా పెరిగింది.

ఆ వలస గురించి ఒక్క మాట చెప్పి తీరాలి. 1946లో ఇటలీ, బెల్జియం ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఇటలీ మనుషులను పంపాలి, బెల్జియం బొగ్గు అమ్మాలి. కొండ గాలిలో గొర్రెలు కాచిన కుటుంబాల పిల్లలు భూమి కింద బొగ్గు తవ్వడానికి వెళ్ళారు. 1956 ఆగస్టు 8న మార్సినెల్ అనే చోట గనిలో మంటలు చెలరేగాయి. 262 మంది చనిపోయారు. వారిలో 136 మంది ఇటలీవాళ్ళు. ఆ 136 మందిలో 60 మంది ఈ ఒక్క అబ్రుజో సీమవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడికి తూర్పున ఉన్న మనొప్పెల్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. అబ్రుజోలో తాళం పడిన ప్రతి రాతి ఇంటి ముందూ నిలబడినప్పుడు నాకు ఆ లెక్క గుర్తొస్తుంది. పాత ఊళ్ళ అందాన్ని పొగిడేటప్పుడు, ఆ అందం చెక్కుచెదరకుండా మిగలడానికి కారణం అక్కడ కొత్త ఇల్లు కట్టుకునే స్తోమతు ఎవరికీ లేకపోవడమేనని మరిచిపోకూడదు.

ఇక ఇటీవలి కథ. 1999లో దానియేలె కిల్‌గ్రెన్ అనే ఆయన మోటారుసైకిలు మీద ఈ కొండల్లో తిరుగుతూ ఇక్కడికి వచ్చారు. తండ్రి స్వీడన్ దేశస్థుడు, తల్లి ఇటలీ ఆమె. సగం కూలిన ఈ ఊరిని చూసి, పాడుపడిన ఇళ్ళను కొనడం మొదలుపెట్టారు. వాటిని హోటలుగా మార్చారు. ఒకే భవనంలో ఉండే హోటలు కాదిది. ఒక గది ఈ వీధిలో, ఇంకోటి ఆ మెట్ల చివర, భోజనశాల మరో వంపులో. ఊరంతా విస్తరించిన హోటలు. ఈ ఆలోచన ఆయనతో మొదలైంది కాదు. 1976లో ఇటలీ ఈశాన్యాన ఫ్రియూలి సీమలో పెద్ద భూకంపం వచ్చినప్పుడు, దెబ్బతిన్న పల్లెల ఇళ్ళను ఎలా నిలబెట్టాలా అనే ప్రయత్నంలో 1980ల మొదట్లో పుట్టింది. దానికి రూపం ఇచ్చినవారు జన్కార్లో దల్లారా అనే ఆయన.

కిల్‌గ్రెన్ చేసిన పనిలో నాకు నచ్చినది ఆయన చేయకుండా వదిలేసింది. మసి గోడలకు సున్నం కొట్టలేదు. పగిలిన గచ్చును పగిలినట్టే ఉంచారు. పాత చెక్క తలుపులకు జానెడు పొడవు ఇనుప తాళంచెవులు అలాగే ఉన్నాయి. పరుపు మీద ఈ సీమలో చేత్తో నేసిన దుప్పటి. గదిలో టీవీ లేదు. వేడినీళ్ళు, నేల కింద దాచిన వెచ్చదనం, ఈ కాలపు స్నానాల గది, ఇవి మాత్రం ఉన్నాయి. పాత ఇళ్ళలో మంచం ఎక్కడుండేది, ఉన్ని ఎలా వాడేవారు అనే సంగతులు పెద్దవాళ్ళ జ్ఞాపకాల నుంచీ, పెస్కారా నగరంలో ఉన్న అబ్రుజో ప్రజల మ్యూజియం నుంచీ సేకరించారు. ఊరి చుట్టూ కొత్త కట్టడాలు రాకుండా చూడాలని పంచాయతీతో ఒప్పందం కుదుర్చుకున్నారు. చాలా చోట్ల పాత ఊరు నిలబడి ఉన్నా, దాని చుట్టూ లేచిన కాంక్రీటు మధ్య కనబడకుండా పోయింది. ఇక్కడ అలా జరగలేదు. ద్వారం దగ్గర నిలబడి చూస్తే కొండ, చెలక, ఊరు, అంతే.

అయితే నాకొక సందేహం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఒకప్పుడు చలికి వణుకుతూ ఆరుగురు పిల్లలతో ఒక తల్లి పడుకున్న గదిలో ఈ రోజు డబ్బున్నవాళ్ళు ముచ్చటకు ఒక రాత్రి గడుపుతున్నారు. పేదరికం గుర్తులు అలంకారమైపోతాయేమో. చాలాసేపు ఆలోచించాను. మసిని తుడిచేసి తెల్లటి రంగు వేసి ఉంటే ఆ తల్లి పూర్తిగా మాయమైపోయేది. ఉంచితే కనీసం ఎవరైనా ఒకరు, ఈ నలుపు ఏమిటని అడుగుతారు. అందుకని ఉంచడమే మేలని నా తీర్పు. అంతకంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. హోటలు ఇంటిని కాపాడుతుంది. ఊరిని కాపాడాలంటే బడికి పోయే పిల్లలు, చెలక దున్నే రైతు, మంద తోలే కాపరి, తెల్లారి రొట్టె కాల్చే మనిషి ఉండాలి.

ఆ సంగతి పంచాయతీకీ తెలుసు. 2020లో ఊరి జనాభా సుమారు 115. అందులో 65 ఏళ్ళు దాటినవారు 41 మంది, 20 ఏళ్ళ లోపువారు 13 మందే. అప్పుడు పంచాయతీ ఒక ప్రకటన చేసింది. 40 ఏళ్ళ లోపువాళ్ళు వచ్చి కనీసం ఐదేళ్ళు ఇక్కడే ఉంటామంటే, మూడేళ్ళపాటు ఏడాదికి 8,000 యూరోల వరకు సాయం ఇస్తాం, ఏదైనా పని మొదలుపెడితే 20,000 యూరోల వరకు ఇస్తాం, ఉండడానికి ఇల్లు నామమాత్రపు అద్దెకు చూపిస్తాం అని. లోకమంతటి నుంచీ బోలెడు దరఖాస్తులు వచ్చిపడ్డాయి. ఊరు తీసుకోగలిగింది వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందినే. అయినా 115 మంది ఉన్న ఊరికి ఐదు కుటుంబాలు వస్తే అది చిన్న మాట కాదు. ఒక చంటిబిడ్డ పుడితే ఊరి లెక్క మారుతుంది. మెదిచిలు ఉన్ని కోసం ఊరిని కొన్నారు, హోటలు రాయిని నిలబెట్టింది, కానీ పంచాయతీ మనుషుల కోసం డబ్బు ఖర్చు పెట్టింది. మూడింటిలోనూ నేను ఎక్కువ గౌరవించేది దీన్నే.

ఊరు చూడడం అయ్యాక ఓపిక ఉన్నవాళ్ళకు ఇంకో నడక ఉంది. తూర్పుగా కొండ గట్టు మీదుగా ఐదు కిలోమీటర్ల దారి. రెండు గంటలు వేసుకోండి, దారి ఎక్కుడు. చివర 1,460 మీటర్ల ఎత్తున రోక్కా కలాషో అనే రాతి కోట. నాలుగు మూలలా నాలుగు గుండ్రటి బురుజులు, నడుమ చతురస్రపు బురుజు. కింద ఉన్న పల్లెను 1703 భూకంపం పాడుచేస్తే, మిగిలినవాళ్ళు ఇంకా కిందికి దిగి కలాషో ఊళ్ళో స్థిరపడ్డారు. కోటకు కొంచెం దిగువన, ఎనిమిది పలకల చిన్న గుడి ఒక్కటీ గాలికి ఎదురొడ్డి నిలబడి ఉంది. సినిమాలు చూసేవాళ్ళు ఈ కోటను ఎక్కడో చూశామే అనుకుంటారు. 1985లో వచ్చిన లేడీహాక్ సినిమాలో ఉంది. ఇక్కడి నుంచి చూస్తే కిందికి పోయే లోయలన్నీ దక్షిణానికే తిరిగినట్టుంటాయి. గొర్రెలు పోయిన దిక్కు అదే. 2019లో యునెస్కో ఇటలీ, ఆస్ట్రియా, గ్రీసు దేశాల మందల వలసను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. బాటల్లో చాలాచోట్ల రోడ్లు, పొలాలు వచ్చాయి. ఇంకా కొన్ని చోట్ల 111 మీటర్ల గడ్డి అలాగే ఉంది. మందలు తోలే కుటుంబాలు కొన్ని మిగిలాయి. వాళ్ళ జున్ను, ముఖ్యంగా పక్క ఊరు కస్తెల్ దెల్ మొంతెలో చేసే గొర్రెపాల జున్ను, ఈ కొండ గడ్డి వాసన వేస్తుంది.

రోమ్‌లో, మిలన్‌లో మన తెలుగు పిల్లలు ఎంతోమంది చదువుకుంటున్నారు. వాళ్ళను చూడడానికి ఇక్కడి నుంచి వెళ్ళే తల్లిదండ్రులూ ఉన్నారు. మీలో ఎవరైనా ఈ మాటలు వింటుంటే నాదొక విన్నపం. రోమ్ చూశాక ఒక రోజు మిగిల్చుకుని ఈ ఊరికి వెళ్ళండి. బస్సులు తక్కువ కాబట్టి నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడం మంచిది. వేసవిలో వెళ్ళినా స్వెట్టరు తీసుకెళ్ళండి, సాయంత్రం చలి వేస్తుంది. రాళ్ళు నున్నగా అరిగి ఉంటాయి, జారని చెప్పులు వేసుకోండి. సెప్టెంబరు మొదటి శని ఆదివారాల్లో మసూర్ గింజల పండుగ చేస్తారు, అప్పుడు ఊరు జనంతో నిండుతుంది. ప్రశాంతంగా చూడాలంటే మామూలు రోజున వెళ్ళండి. ఫొటో తీసుకుని గంటలో తిరిగి రాకండి, కుదిరితే ఒక రాత్రి ఉండండి, ఊళ్ళోనే భోజనం చేయండి. వచ్చేటప్పుడు ఒక కిలో గింజలు ఆ చెలకలు సాగు చేసేవాళ్ళ దగ్గరే కొనండి. ధర కాస్త ఎక్కువనిపిస్తుంది. బేరం ఆడకండి. ఆ డబ్బు వచ్చే మార్చిలో విత్తనమవుతుంది.